చేయి కుదరని దినము

కొన్ని దినములు అట్లే ఉండును. నిన్నటివరకు చక్కగా వంటచేసిన చేయియే నేడు పులుసులో రెండుమారులు ఉప్పు వేయును. నిన్న శ్రుతిలో కలసిపోయిన గొంతు నేడు ఎంత సవరించుకొన్నను షడ్జమము దగ్గరనే పెనగులాడును. కారణమేమని అడిగినచో మనవారు, "నేడు ఎవరి ముఖము చూచి లేచితినో!" అని నవ్వి ఊరకుందురు. పులుసు చెడినచో మజ్జిగతో భోజనము ముగించవచ్చును. కచేరీ రాణింపనిచో మరియొక కచేరీలో ఆ లోటు తీర్చుకొనవచ్చును. కాని మోటారుసైకిలు నడపువానికి అట్టి దినము వచ్చినపుడు తరువాత దిద్దుకొందమను మాట చెల్లదు. తప్పు జరిగినచోటనే దాని వెలయు చెల్లింపవలసి యుండును.

2022వ సంవత్సరములో మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ ప్రకటించినది. వారిలో నూటికి 44 మందికి పైగా రెండుచక్రముల మోటారుబండ్లపై పోవుచున్నవారే. వీరందరును చేయి కుదరకనే పోయిరని మేము చెప్పబోవుట లేదు. గుంతలుపడిన రోడ్లు, దీపములులేని బండ్లు, ఇతరుల వేగము, ఇట్టి కారణములు అనేకములు కలవు. వాటిని గురించి మాటలాడవలసినవారు వేరు. బండి నడపువాని చేతిలోనే ఉన్న ఒక్క విషయమును గూర్చి మాత్రము ఇచ్చట ముచ్చటింతము. చేయి కుదరని దినమనగా నేమి? అది ఎందుకు వచ్చును? వచ్చినపుడు ఏమి చేయవలెను?

మొదట దాని లక్షణములు చూతము. గేరు పడవలసినచోట పడదు. క్లచ్చి వదలునపుడు కుదుపు కలుగును. దినదినము తిరుగు మలుపే అయినను, బండి అనుకొన్నదానికన్న వెలుపలికి పోవును. దూరమునుండియే కనిపింపవలసిన స్పీడుబ్రేకరు చక్రము క్రిందికి వచ్చువరకు కనబడదు. వెనుకనుండి లారీ హారను మ్రోగినచో ఎన్నడును రాని కోపము వచ్చును. నడుమనున్న ఊరు ఎప్పుడు దాటితిమో జ్ఞాపకముండదు. బండి నిన్నటిదే, రోడ్డు నిన్నటిదే, నడపువాడును నిన్నటివాడే. మరి మారినదేమి?

దీనికి సమాధానము తెలియవలెనన్నచో మోటారుసైకిలు నడపుటలో ఎన్ని పనులు ఇమిడియున్నవో గుర్తింపవలెను. కుడిచేయి ఆక్సిలరేటరును త్రిప్పును, ముందుబ్రేకును నొక్కును. ఎడమచేయి క్లచ్చిని చూచుకొనును. నేటి బండ్లలో ఎడమకాలు గేరును, కుడికాలు వెనుకబ్రేకును చూచుకొనును. పాతకాలపు బుల్లెట్టు బండ్లలో ఈ రెండును తారుమారుగా ఉండెడివి. కుడికాలి దగ్గర గేరు, ఎడమకాలి దగ్గర బ్రేకు. ఏండ్లతరబడి పాతబండి నడపినవాడు కొత్తబండి ఎక్కినపుడు మామూలు దినములలో తడబడడు. చేయి కుదరని దినముననే, అందులోను హఠాత్తుగా గేదె అడ్డువచ్చినపుడే, పాత అలవాటు పైకివచ్చి బ్రేకనుకొని గేరును త్రొక్కును.

ఇవికాక కంటికి తెలియని పని మరియొకటి కలదు. కొంత వేగము అందుకొన్న పిమ్మట మోటారుసైకిలు హ్యాండిలును త్రిప్పుటచే మలుపు తిరుగదు, ఒరుగుటచే తిరుగును. ఎడమకు పోవలెనన్నచో ఎడమవైపు హ్యాండిలును ముందుకు కొంచెము నెట్టవలెను. ముందుచక్రము క్షణకాలము కుడికి మొగ్గును. బండి ఎడమకు ఒరుగును. ఆ ఒరుగుటచే ఎడమకు తిరుగును. వినుటకు విపరీతముగా తోచును గాని, మోటారుసైకిలు నడపు ప్రతివాడును తెలిసియో తెలియకయో చేయుచున్న పని ఇదియే. సైకిలు నేర్చిన బాలుడు కూడ దీనినే చేయుచుండును.

ఇన్ని పనులను మనస్సు ఒక్కొక్కటిగా తలచుకొని చేయుట లేదు. నేర్చుకొన్న తొలిదినములలో అట్లే చేసినది. అభ్యాసము ముదిరినకొలది అవి చేతులకు, కాళ్ళకు అప్పగింపబడినవి. ఆ విధముగా తీరిక చిక్కిన మనస్సు ముందున్న రోడ్డుమీద కాపలా కాయుచుండును. ఎదుటి ఆటో ఆగునా, ప్రక్కసందునుండి పిల్లవాడు వచ్చునా, ఆరబోసిన ధాన్యము చక్రము క్రింద జారునా, తొలకరి జల్లుకు తారురోడ్డుపై నూనెతేలి జిడ్డెక్కెనా, ఇవి చూచుటయే దాని పని. నడపుటలో నేర్పు అనగా సగము ఈ కాపలాయే.

చేయి కుదరని దినమున చెడునది సాధారణముగా చేతి నేర్పు కాదు, ఈ కాపలా. నిద్రలేమిచేతనో, దిగులుచేతనో మనస్సు రోడ్డు విడిచి మరియొకచోటికి పోవును. లేదా, చేతులు ఒకటి రెండు మారులు తడబడగానే వాటిని సరిచేయుటకై కాపలా విడిచి క్రిందికి దిగివచ్చును. రెండింటిలో ఏది జరిగినను ఫలితము ఒక్కటే. చూడవలసినదానిని అరసెకను ఆలస్యముగా చూచెదము.

అరసెకను ఎంతని తోచవచ్చును. లెక్కవేసి చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. అడ్డము కనిపించినది మొదలు చేయి బ్రేకుపై పడువరకు ఒక సెకను పట్టినదనుకొందము. ఆ 17 మీటర్లును వేగము ఏ మాత్రము తగ్గకుండగనే గడచిపోవును. పిమ్మట పొడిగానున్న మంచి తారురోడ్డుపై, రెండు బ్రేకులు సరిగా వేయనేర్చినవానికి బండి ఆగుటకు సుమారు 20 మీటర్లు కావలెను. మొత్తము 37 మీటర్లు. చేయి కుదరని దినమున అరసెకను ఆలస్యమైనచో దీనికి మరి 8 మీటర్లు చేరును. అనగా మామూలు దినమున అడ్డమువద్దకు చేరకముందే ఆగవలసిన బండి, నేడు అచ్చటికి చేరుసరికి ఇంకను గంటకు 38 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. అరసెకనునకు గల వెల ఇంత. వేగము గంటకు 40 కిలోమీటర్లైనచో ఆ అరసెకనులో పోవు దూరము అయిదున్నర మీటర్లు మాత్రమే, బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు పట్టునది సుమారు 9 మీటర్లే. ఈ లెక్కలోనే నివారణోపాయము కూడ ఉన్నదని పాఠకులు గ్రహించియే ఉందురు.

అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హ్యారీ హర్ట్ అను ఆచార్యుడు, ఆయన సహచరులు లాస్ ఏంజిలిస్ ప్రాంతమున జరిగిన 900 మోటారుసైకిలు ప్రమాదములను, ప్రమాదస్థలమునకే పోయి పరిశీలించిరి. వారి నివేదిక 1981లో వెలువడినది. ఇతర వాహనములతో జరిగిన ప్రమాదములలో మూడింట రెండువంతులలో ఎదుటి వాహనము నడపువాడే మోటారుసైకిలు దారికి అడ్డువచ్చినాడని వారు తేల్చిరి. ప్రమాదము తప్పించుకొనుటకు సాధారణముగా రెండు సెకనులైనను వ్యవధి ఉండదనియు వ్రాసిరి. ఇక మరే వాహనమును లేక, బండి ఒంటరిగా పడిన సందర్భములలో మూడింట రెండువంతులు నడపువాని పొరపాట్లే. బ్రేకు మితిమీరి వేసి జారిపోవుట, మలుపులో వేగమెక్కువై వెలుపలికి పోవుట, వీటినే వారు ముఖ్యముగా పేర్కొనిరి. మన పట్టికలోని లక్షణములును ఇవియే. ఎదుటివాడు మనలను చూడడు, తప్పించుకొనుటకు రెండు సెకనులు లేవు. అట్టిచోట అరసెకను పారవేసికొనుట ఎంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఈ ఆలస్యమునకు మూలములేవి? శకునములలో వెదకవలసిన పనిలేదు, చాలవరకు గడచిన రాత్రిలోనే దొరకును. 1997లో ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు పరిశోధకులు నిద్రలేమిని మద్యముతో పోల్చి చూచిరి. 17 గంటలు ఏకధాటిగా మేలుకొనియున్న మనుష్యుని పనితనము, రక్తములో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని పనితనమువలెనే తగ్గిపోవునని వారు కనుగొనిరి. మన మోటారు వాహనముల చట్టము నడపువానికి విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు. అనగా తెల్లవారుజామున 5 గంటలకు లేచి, రాత్రి 10 గంటలకు పెండ్లివిందు ముగించుకొని బండి ఎక్కినవాడు ఒక్క చుక్కయైనను త్రాగకున్నను, మన చట్టపు హద్దుదాటిన త్రాగుబోతువలె నడపవచ్చునన్నమాట. అతనిని ఏ పోలీసువాడును ఆపడు. కావున తానే ఆపుకొనవలెను.

శరీరమునకు తనదైన గడియారమొకటి కలదు. అర్ధరాత్రి దాటిన పిమ్మట తెల్లవారువరకు, మరల మధ్యాహ్నభోజనము తరువాత 2 గంటలు మొదలు 4 గంటలవరకు అది మందగించును. ఆకాశవాణిలో పనిచేయు మాకిది బాగుగా తెలిసిన విషయము. ఉదయపు ప్రసారమునకు చీకటితోనే స్టూడియో చేరువారు, రాత్రి ప్రసారము ముగించి ఇల్లు చేరువారు ఈ గడియారమునకు ఎదురీదుచునే బండి నడపవలసి యుండును. మిల్లులలో, ఆసుపత్రులలో, రైల్వేలలో రాత్రిపని చేయువారి సంగతియు ఇంతే.

ఎండ మరియొక కారణము. మే మాసమున విజయవాడలోనో రామగుండములోనో మధ్యాహ్నము బండి నడపినచో గాలి చల్లబరచుటకు మారు శరీరమును ఎండగట్టును. గాలికి చెమట వెంటనే ఆరిపోవుటచే, ఎంత నీరు పోయినదో తెలియదు. దాహమనిపించుసరికే తల బరువెక్కి దృష్టి చెదరుట ఆరంభించును. జలుబునకు, దురదలకు వాడు మాత్రలలో కొన్ని మత్తుకలిగించును. మాత్ర మ్రింగినవానికి జలుబు తగ్గినదని తెలియునుగాని చురుకుదనము తగ్గినదని తెలియదు. ఉపవాసము, జ్వరము తగ్గిన మరునాటి నీరసము, ఇంటిలో జరిగిన మాటపట్టింపు, ఆప్తుల అనారోగ్యవార్త, ఇవన్నియు కాపలాకాయు మనస్సును వెనుకకు పిలుచునవే.

విసుగు అనునది కూడ తక్కువది కాదు. ద్వితీయ ప్రపంచ యుద్ధకాలమున రాడారు తెరలవద్ద కూర్చుండువారు గుర్తులను ఏల గమనింపలేకపోవుచున్నారని ఇంగ్లండులో నార్మన్ మాక్వర్త్ అను శాస్త్రజ్ఞుడు పరిశోధించి, 1948లో ఫలితములు ప్రకటించెను. గడియారపు ముల్లువంటి ముల్లు ఎప్పుడో ఒకమారు రెండు గడులు దుముకును. దానిని గుర్తించుటయే పని. మొదటి అరగంట గడచుసరికే గుర్తించుశక్తి తగ్గుట ఆరంభమయ్యెను. హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయరహదారి వంటి చక్కని రోడ్డుపై ఆగకుండ రెండుగంటలు పోవువాడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. రోడ్డు ఎంత బాగున్నదో కాపలా అంతగా నిద్రపోవును.

ఇంతవరకు చెప్పినది కారణములను గూర్చి. అసలు చిక్కు మరియొకచోట ఉన్నది. అలసిన మనస్సే తాను అలసితినో లేదో తీర్పు చెప్పవలసి యున్నది. త్రాసు చెడిపోయినపుడు, చెడినదని తెలిసికొనుటకు అదే త్రాసుతో తూచిచూచినట్లు ఇది. "నాకేమియు కాలేదు, ఇంకొక 20 కిలోమీటర్లే కదా" అను మాట నిండు ఆరోగ్యముతో ఉన్నవాడును అనును, కన్నులు మూతపడుచున్నవాడును అనును. మాట ఒక్కటే అగుటచే ఆ మాటను నమ్మరాదు.

రెండవ చిక్కు, తప్పు తప్పును కనుట. మైక్రోఫోను ముందు కూర్చుండువారికి ఇది నిత్యానుభవము. వార్తలు చదువువాని నాలుక ఒక పేరువద్ద తడబడును. అది గడచిపోయినదని విడువక, "అయ్యో, ఎట్లు పలికితిని!" అని తలచుచుండగా తరువాతి వాక్యము చెడును. అందుకే అనుభవమున్న అనౌన్సరు తడబడిన వెంటనే వేగము ఒక పాలు తగ్గించి, ముందున్న పంక్తిపై చూపు నిలుపును. మోటారుసైకిలు నడపువాడును అంతే. మలుపులో వెలుపలికి పోయితినని సిగ్గుపడుచు, తరువాతి మలుపులో నేర్పు చూపవలెనని వేగము పెంచుట అన్నిటికన్న ప్రమాదకరము. పోయిన మర్యాదను రోడ్డుపై వెదకరాదు.

కావున తీర్పును అప్పటికప్పుడు మనస్సునకు విడువక, ముందే కొన్ని నియమములు ఏర్పరచుకొనుట మేలు. విమానము నడపువారికి ఆరు ప్రశ్నలు నేర్పుదురు. అస్వస్థత ఉన్నదా? మందు ఏదైన మ్రింగితినా? మనస్సుపై ఒత్తిడి ఉన్నదా? మద్యము తగిలినదా? అలసియున్నానా? కోపమో దుఃఖమో పీడించుచున్నదా? తాళము త్రిప్పకముందు ఈ ప్రశ్నలు తనను తాను అడుగుకొనుటకు అరనిమిషము చాలును. బయలుదేరునపుడు ఎవరైన తుమ్మినచో కాసేపు కూర్చుండి మంచినీళ్ళు త్రాగి పొమ్మని మన పెద్దలు చెప్పుచుండెడివారు. తుమ్మునకును ప్రమాదమునకును సంబంధము లేదు. కాని ఆ కూర్చుండుట, ఆ మంచినీళ్ళు నిష్ప్రయోజనములు కావు. తుమ్ము లేకున్నను ఆ పని చేయవచ్చును.

రోడ్డెక్కిన పిమ్మట ఒక చిన్న నియమము చాలును. మామూలుగా చేయని పొరపాట్లు వరుసగా రెండు జరిగినచో, అవి ఎంత చిన్నవైనను, ఆనాడు చేయి కుదరలేదని ఒప్పుకొనవలెను. ఒప్పుకొన్న వెంటనే చేయవలసినది వేగము తగ్గించుట. ముందు పోవు బండికిని మనకును నడుమ మామూలుగా రెండు సెకనుల ఎడముండవలెనందురు. ఆ దినమున నాలుగు సెకనులు ఉంచవలెను. ముందుబండి ఒక చెట్టును దాటగానే ఒకటి, రెండు అని లెక్కించినచో ఈ ఎడము తెలియును. దాటిపోవుట మానుకొనవలెను. మలుపులో గుంతవైపు గాని, ఎదురువచ్చు లారీవైపు గాని చూపు నిలుపక, తాను పోవలసిన చోటికి చూడవలెను. చూపు ఎచ్చటికి పోవునో బండియు అచ్చటికే పోవును. బ్రేకును ముందుగా, మెల్లగా మొదలుపెట్టి క్రమముగా బిగింపవలెను. బండి ఆపుటలో ఎక్కువభాగము ముందుబ్రేకుదే. కంగారులో వెనుకబ్రేకునే గట్టిగా త్రొక్కినచో చక్రము బిగిసి బండి జారును.

పిమ్మట నీడ దొరికినచోట ఆగవలెను. ఆగుట అనగా బండిపైననే కూర్చుండి ఫోనులో మాటలాడుట కాదు. దిగి, హెల్మెట్టు తీసి, ముఖము కడుగుకొని, నీరో మజ్జిగయో త్రాగి, ఏదైన తినవలెను. నిద్రవచ్చుచున్నచో 15, 20 నిమిషములు కన్నుమూయుటను మించిన మందు లేదు. కాఫీ మంచిదే గాని అది పనిచేయుటకు సుమారు అరగంట పట్టును. త్రాగిన వెంటనే పరుగెత్తుట వ్యర్థము. ఇంత చేసినను మనస్సు కుదుటపడకున్నచో బండిని తెలిసినవారియింట ఉంచి బస్సెక్కవలెను. దీనిలో నామోషీ ఏమియు లేదు. శ్రుతి కుదరనపుడు కచేరీ మానుకొన్న గాయకుని తెలివైనవాడందుము కాని పిరికివాడనము.

హెల్మెట్టు మాట చెప్పక ఈ ప్రసంగము ముగింపజాలము. అరేబియా లారెన్సుగా ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్సు అనేక సంవత్సరములు మోటారుసైకిలు నడపిన ఆరితేరినవాడు. 1935 మే 13న ఇంగ్లండులోని డార్సెట్టు ప్రాంతమున తన ఇంటికి సమీపముననే, సైకిళ్ళపై పోవుచున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడి, తలకు తగిలిన దెబ్బతో మే 19న మరణించెను. ఆయన తలపై హెల్మెట్టు లేదు. ఆయనకు చికిత్సచేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు ఈ విషయమును పట్టుకొని పరిశోధన సాగించి, మోటారుసైకిలు నడపువారి తలగాయములను గూర్చి, హెల్మెట్టు ప్రాముఖ్యమును గూర్చి 1941లో ఒక వ్యాసము ప్రకటించెను. హెల్మెట్టు వాడుకకు శాస్త్రీయమైన పునాదులలో అది ఒకటి. ఆరితేరినవానికైనను, ఇంటి దగ్గరి రోడ్డైనను, ఒక్క క్షణము చాలునని ఆ వృత్తాంతము చెప్పుచున్నది. మన చట్టము నడపువానికే కాక వెనుక కూర్చుండువారికి కూడ హెల్మెట్టు విధించినది. గడ్డము క్రింద పట్టీ బిగింపని హెల్మెట్టు పడినపుడు తలకన్న ముందు తానే దొర్లిపోవును.

చివరగా ఇండ్లలో ఉండువారితో ఒక మాట. బండి నడపువాడు తన అలసటను తాను గుర్తింపజాలడని పైన చెప్పితిమి. కాని ఇంటివారు గుర్తింపగలరు. రాత్రి సరిగా నిద్రపోలేదని భార్యకు తెలియును. పెట్టిన అన్నము సగము విడిచి లేచెనని తల్లికి తెలియును. కోపముతో తలుపు లాగిపోయెనని పిల్లలకు తెలియును. వారు ఆ సమయమున వాదము పెట్టుకొనక, "నేడు బస్సులో పోరాదా?" అని ఒక్కమాట అన్నచో చాలును. బయలుదేరినవానికి పదినిమిషములకొకమారు ఫోనుచేసి ఎంతదూరము వచ్చితివని అడుగరాదు. "ఆలస్యమైనను ఫరవాలేదు, మెల్లగా రమ్ము, అన్నము మూతపెట్టి ఉంచెదము" అని ముందే చెప్పి పంపవలెను. త్వరపడవలసిన పనిలేదని తెలిసినవాడు దారిలో ఆగుటకు సందేహింపడు. ఆగినవాడు ఒక గంట ఆలస్యముగానైనను ఇల్లు చేరును.